రాజీనామా చేస్తే ప్రమాణం తప్పినట్టేనా?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మీ ఎమ్మెల్యే రెండేళ్లకే రాజీనామా చేశారు. "దేవుడి మీద ప్రమాణం చేసి కుర్చీ ఎక్కినవాడు మధ్యలో దిగిపోతే ఒట్టు తప్పినట్టే" అని మీ నాన్నగారు అంటున్నారు, మీరు కాదంటున్నారు. అది మొదటిది. ప్రమాణం తప్పారని కోర్టులో కేసు వేయొచ్చా అన్నది రెండోది. ఉప ఎన్నికలో ఆయనే మళ్లీ గెలిస్తే పాత ప్రమాణం సరిపోతుందా అన్నది మూడోది. మూడోది మీరు ఏదో అనుబంధంగా అడిగినట్టున్నారు గానీ, నాకు అదే అన్నిటికంటే మంచి ప్రశ్న అనిపించింది. దాన్ని చివరికి ఉంచుతాను.

నేను శాసనసభ సచివాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ప్రమాణ స్వీకారం రోజు రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డాను, రాజీనామా లేఖలు వచ్చిన రోజున వాటి మీద టైమూ తేదీ వేశాను. కాబట్టి ఈ రెండు కాగితాలూ నాకు బాగా తెలుసు.

సూటిగా చెప్పాలంటే, చట్టం ప్రకారం రాజీనామా ప్రమాణ భంగం కాదు. మీ నాన్నగారి కోపంలో న్యాయం లేదని మాత్రం నేననను. ఆయన కోపం వేరేదాని మీద. అదేంటో తెలియాలంటే ముందు ప్రమాణంలో ఏముందో చూడాలి.

ఎమ్మెల్యే చేసే ప్రమాణం రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఉంటుంది. టీవీలో వందసార్లు విని ఉంటారు: శాసనసభ సభ్యుడిగా ఎన్నికైనందున, శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని, భారతదేశ సార్వభౌమాధికారాన్ని, సమగ్రతను కాపాడుతానని, తాను స్వీకరించబోయే కర్తవ్యాన్ని శ్రద్ధతో నిర్వహిస్తానని దైవసాక్షిగా ప్రమాణం. దేవుణ్ణి నమ్మనివాళ్లు ఆ మాట లేకుండానే చేస్తారు, విలువలో తేడా ఏమీ లేదు. మొత్తం అంతే. గబగబా చదివితే అర నిమిషం.

ఇందులో "ఐదేళ్లు" అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు. "పదవీకాలం ముగిసేదాకా" అని ఉందా? అదీ లేదు. "నా నియోజకవర్గ ప్రజలకు" అని కూడా లేదు! చాలామందికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. సభ్యుడు ఓటరుకు ప్రమాణం చేయడం లేదు, రాజ్యాంగానికి చేస్తున్నాడు.

ఇంకో చిన్న సంగతి. గెలిచాక చేసే ఈ ప్రమాణం కంటే ముందే, నామినేషన్ వేసినప్పుడు ప్రతి అభ్యర్థీ ఒక ప్రమాణం చేస్తాడు, రిటర్నింగ్ అధికారి ముందు. డిపాజిట్ పోగొట్టుకునేవాళ్లు కూడా చేస్తారు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రాజ్యాంగానికి విధేయత రెండింటిలో ఉంది, సార్వభౌమాధికారం, సమగ్రత రెండింటిలో ఉన్నాయి (ఆ ముక్కను 1963లో 16వ సవరణతో చేర్చారు). గెలిచినవాడు అదనంగా చెప్పేది ఒక్కటే, "స్వీకరించబోయే కర్తవ్యాన్ని శ్రద్ధతో నిర్వహిస్తాను" అని. అంటే పదవికి సంబంధించిన మాట ఆ ఒక్క వాక్యమే. అది పదవిలో ఉన్నంతకాలం ఎలా ఉండాలో చెబుతుంది. ఎంతకాలం ఉండాలో చెప్పదు.

ఐదేళ్ల గడువు వేరేచోట ఉంది, 172వ అధికరణంలో. అదైనా సభకు పెట్టిన గడువే, సభ్యుడికి కాదు. అదీ "ముందుగా రద్దు కాకపోతే" అన్న షరతుతో. 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభను గడువుకు నెలల ముందే రద్దు చేశారు. ఒక్క పూటలో సభ్యులందరి పదవులూ పోయాయి. మధ్యలో దిగిపోవడమే ఒట్టు తప్పడమైతే అప్పుడు సభ మొత్తం తప్పినట్టే అనుకోవాలి.

ఇంకో మెట్టు ముందుకెళ్తే, రాజీనామా చేసి తీరాల్సిన సందర్భాలను కూడా రాజ్యాంగమే పెట్టింది. ఒక మనిషి ఎంపీగానూ ఎమ్మెల్యేగానూ ఒకేసారి ఉండకూడదు. ఎమ్మెల్యేగా ఉన్నవాడు ఎంపీగా గెలిస్తే 14 రోజుల్లో అసెంబ్లీ సీటు వదులుకోవాలి, లేకపోతే పార్లమెంటు సీటే పోతుంది. ఎన్నికల చట్టం ప్రకారం రెండు నియోజకవర్గాల్లో గెలిచినవాడు కూడా ఒకటి వదలాల్సిందే. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. (ఇప్పుడు రెండుకు మించి పోటీ చేయనివ్వరు.) 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి, ఉత్తమ్ కుమార్ రెడ్డి, కోమటిరెడ్డి వెంకటరెడ్డి అసెంబ్లీకి గెలిచాక లోక్‌సభ సీట్లు వదిలారు. ముగ్గురూ 2019లో ఎంపీలుగా ప్రమాణం చేసినవాళ్లే. ఏ రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాడో ఆ రాజ్యాంగమే దారి చూపించి "ఇటు నుంచి వెళ్లు" అంటుంటే, ఆ దారిన వెళ్లడం దానికి ద్రోహం ఎలా అవుతుంది?

మీ నాన్నగారి ఆలోచన మాత్రం కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో ఇప్పటికీ కాగితం మీద అదే నడుస్తోంది. హౌస్ ఆఫ్ కామన్స్ సభ్యుడు రాజీనామా చేయడానికి వీల్లేదని 1624లో సభ తీర్మానించింది. సభ్యత్వం హక్కు కాదు, జనం సభ్యుడి మీద పెట్టిన బాధ్యత, దాన్ని ఇష్టం వచ్చినప్పుడు దించుకోకూడదని వాళ్ల లెక్క. మరి వెళ్లాలనుకున్నవాళ్లు ఏం చేస్తారు? రాజుగారి కింద ఒక ఉత్తుత్తి ఉద్యోగానికి దరఖాస్తు పెడతారు. చిల్టర్న్ హండ్రెడ్స్ అనే ప్రాంతానికి స్టూవర్డ్ (అంటే పర్యవేక్షకుడు), లేదా నార్త్‌స్టెడ్ అనే పాత జమీనుకు స్టూవర్డ్. పనీ లేదు, జీతమూ లేదు. కానీ రాజుగారి కొలువులో చేరినవాడు సభలో ఉండకూడదు కాబట్టి సీటు ఖాళీ అవుతుంది. 2016లో డేవిడ్ కామెరాన్ అలాగే వెళ్లారు, 2023లో బోరిస్ జాన్సన్ కూడా. తలుపు వేసి కిటికీ తెరిచి పెట్టినట్టుంది కదా. మనవాళ్లు ఆ నాటకం వద్దనుకుని రాజీనామాను నేరుగా రాజ్యాంగంలోనే రాశారు. పార్లమెంటుకు 101వ అధికరణం, రాష్ట్రాలకు 190వ అధికరణం.

ఇక రాజీనామా కాగితం సంగతి. పేపర్లలో "స్పీకర్ ఫార్మాట్‌లో రాజీనామా" అని చదువుతుంటారు. అది ఏదో పెద్ద దరఖాస్తు అనుకుంటారు. లోక్‌సభ నియమాల్లో ఇచ్చిన నమూనా ఒక్క వాక్యం: ఫలానా తేదీ నుంచి సభలో నా స్థానానికి రాజీనామా సమర్పిస్తున్నాను. కింద సంతకం. కారణం రాయకూడదని ఆ నియమంలోనే ఉంది. రాసినా, ఆ మాటలు తీసేసి మిగిలింది మాత్రమే సభలో చదివే అధికారం స్పీకర్‌కు ఉంది.

ఒకసారి ఒక సభ్యుడు నాలుగు పేజీల లేఖతో వచ్చారు. పేరు, సంవత్సరం వద్దు. తన ప్రాంతానికి జరిగిన అన్యాయం, నీళ్లు, ఉద్యోగాలు, చివర్లో ఒక కవిత కూడా. వెనకాల కెమెరాలు. మా అధికారి మర్యాదగా కూర్చోబెట్టి "అయ్యా, ఇది ప్రెస్‌కి ఇవ్వండి, మాకు ఒక్క లైను చాలు" అన్నారు. ఆయన ఒక్క క్షణం ఆగి "ఒక్క లైనేనా?" అని అడిగారు. తెల్లకాగితం ఇచ్చాం. పెన్ను తీశారు, మూత పెట్టారు, మళ్లీ తీశారు. నాలుగు పేజీలు ఆవేశంగా రాసిన చేతికి ఆ ఒక్క లైను రాయడానికి పది నిమిషాలు పట్టింది. అందుకే పేపర్లో ఎవరైనా రాజీనామా ప్రకటించారని చదివితే నేను ముందు అడిగేది, ఫార్మాట్‌లో ఇచ్చారా, పార్టీ అధ్యక్షుడికి ఇచ్చారా అని. పార్టీ అధ్యక్షుడికి ఇచ్చిన ఎమ్మెల్యే రాజీనామా చట్టం దృష్టిలో ఉత్తరం కిందే లెక్క.

సరే, ఫార్మాట్‌లోనే ఇచ్చారనుకుందాం. ఇచ్చినంత మాత్రాన సీటు ఖాళీ కాదు, స్పీకర్ ఆమోదించాలి. మొదట్లో ఈ నియమం లేదు. 1974లో 33వ సవరణతో వచ్చింది. ఆ రోజుల్లో గుజరాత్‌లో అవినీతికి వ్యతిరేకంగా విద్యార్థుల నవనిర్మాణ్ ఉద్యమం నడుస్తోంది, ఎమ్మెల్యేల ఇళ్లు చుట్టుముట్టి రాజీనామాలు రాయించుకుంటున్నారు. అందుకని రాజీనామా స్వచ్ఛందమేనా, అసలైనదేనా అని స్పీకర్ చూసుకోవాలన్నారు. ఆ రెండే చూడాలి. కారణం మంచిదా చెడ్డదా, వెనకాల ఏ పార్టీ ఉంది అన్నది స్పీకర్ పని కాదు. కర్ణాటకలో 17 మంది ఎమ్మెల్యేల వ్యవహారంలో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఇది స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో, ఫిరాయింపు తప్పు ముందే చేసినవాడు రాజీనామా ఇచ్చేసి అనర్హత నుంచి తప్పించుకోలేడని కూడా అంది.

ఆమోదంలో మన అనుభవం అన్ని రకాలుగానూ ఉంది. 2010 ఫిబ్రవరిలో తెలంగాణ కోసం ఇచ్చిన రాజీనామాలు ఆమోదం పొంది ఆ జులైలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. ఏడాది తిరిగేసరికి, 2011 జులైలో, అదే డిమాండ్‌తో ఆ ప్రాంత ఎమ్మెల్యేలు గంపగుత్తగా ఇచ్చిన రాజీనామాలను భావోద్వేగంలో ఇచ్చినవంటూ స్పీకర్ నాదెండ్ల మనోహర్ తిరస్కరించారు. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక హోదా కోసం అయిదుగురు వైఎస్సార్సీపీ ఎంపీలు ఇచ్చినవి జూన్‌లో ఆమోదం పొందాయి. అప్పటికి లోక్‌సభకు ఏడాది కూడా మిగల్లేదు కాబట్టి ఉప ఎన్నికలే రాలేదు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామా అయితే 2024 జనవరిలో ఆమోదం పొందింది. దాదాపు మూడేళ్లు.

ప్రమాణం గురించి అడిగేవాళ్లు నిజంగా పట్టుకోవాల్సింది ఈ మధ్యకాలాన్నే అని నా అభిప్రాయం. లేఖ ఇచ్చాక, ఆమోదం వచ్చేదాకా, అతను ఎమ్మెల్యేనే. జీతం వస్తుంది, ఓటు హక్కు ఉంటుంది, ప్రమాణం కూడా అమల్లోనే ఉంటుంది. ఆమోదించేలోపు వెనక్కి తీసుకోవచ్చు కూడా. "రాజీనామా ఇచ్చేశాను, ఇక నాకేం సంబంధం" అని నియోజకవర్గం మొహం చూడకపోతే, అదిగో, అక్కడ "కర్తవ్యాన్ని శ్రద్ధతో" అన్న మాటకు గండి పడుతుంది. అసలు రాజీనామా ఇవ్వకుండానే రిజిస్టర్‌లో సంతకం పెట్టి క్యాంటీన్‌లో కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లను ఏళ్ల తరబడి చూశాను. సభ అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించే అధికారం సభకు ఉంది. అందుకే అరవైకి చేరకుండా మధ్యలో ఒక రోజు వచ్చి మొహం చూపించేవాళ్లు. ప్రమాణానికి రాజీనామా చేసినవాడి కంటే వీళ్లే దూరం. కానీ వీళ్ల మీద ఎవరూ ప్రశ్న వేయరు.

డబ్బు తీసుకుని రాజీనామా చేస్తే? అప్పుడు గొడవ రాజీనామాతో కాదు, లంచంతో. పదవిలో ఉండగానే బేరం జరిగింది కాబట్టి ప్రమాణం ఆ బేరం కుదిరిన రోజే తప్పింది, లేఖ ఇచ్చిన రోజు కాదు. లంచానికి సభా హక్కుల రక్షణ లేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. కాకపోతే రుజువు చేయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

రాజీనామా ఇచ్చి తప్పించుకోవడం సభకు తెలియని విద్యేమీ కాదు. 1951లో ముద్గల్ అనే ఎంపీ వ్యాపార సంఘం నుంచి డబ్బు తీసుకుని సభలో వాళ్ల పని చేసిపెట్టారని తేలింది. బహిష్కరణ తీర్మానం చర్చలో ఉండగానే ఆయన రాజీనామా ఇచ్చేశారు. సభ ఊరుకోలేదు. ఆయన బహిష్కరణకు తగినవాడేనని, ఆ రాజీనామా లేఖలోని మాటలు కూడా సభను ధిక్కరించడమేనని తీర్మానం చేసి రికార్డులో పెట్టింది.

మంత్రుల ప్రమాణం వేరే. "భయం కానీ, పక్షపాతం కానీ, రాగద్వేషాలు కానీ లేకుండా" ప్రజలందరికీ న్యాయం చేస్తానని అదనంగా ఉంటుంది. అక్కడైతే రాజీనామాయే ప్రమాణాన్ని గౌరవించడం అయ్యే సందర్భాలున్నాయి. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసు పాతతరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ఆ జిల్లాను ఎంచుకున్నారన్న ఆరోపణకు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అఫిడవిట్ వేసి జవాబివ్వలేదని సుప్రీంకోర్టు 1964లో తప్పుపట్టింది. కోర్టు ఆయన్ను దిగమనలేదు. ఆయనే దిగారు. ద్వేషం లేకుండా పనిచేస్తానని ప్రమాణం చేసిన మనిషి మీద ద్వేషంతో పనిచేశాడన్న మాట పడితే, కుర్చీలో ఉండి వాదించడం కంటే అదే మేలని నేననుకుంటాను. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడి వందమందికి పైగా చనిపోయినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడు అరియలూరులో ఇంకో ప్రమాదం జరిగింది. ఈసారి ఇచ్చినది ఆమోదించారు. శాస్త్రిగారు ప్రమాణం తప్పారని ఎవరైనా అన్నారా?

మంత్రులు రెండో ప్రమాణం కూడా చేస్తారు, రహస్యాలు బయటపెట్టనని. అది కుర్చీతో పోదు. మంత్రిగా తెలిసిన సంగతులు రాజీనామా తర్వాత చెప్పినా తప్పే. పదవి దిగాక కూడా వెంటాడే ప్రమాణం ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇక కేసు సంగతి. వద్దండీ, డబ్బు దండగ. ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా అని రాజ్యాంగంలో ఉంది. చేసిన ప్రమాణాన్ని తప్పితే ఇంత శిక్ష అని ఎక్కడా లేదు. 1985లో కేరళ మంత్రి బాలకృష్ణ పిళ్లై ఒక ప్రసంగంలో నోరుజారారని, ప్రమాణం తప్పారని హైకోర్టుకు వెళ్లారు. ప్రమాణం తప్పారన్న కారణంతో మంత్రిని తీసేసే పని కోర్టుది కాదని ఫుల్ బెంచ్ (ఎక్కువమంది జడ్జీల ధర్మాసనం) చెప్పింది. పదవిలో ఉన్నవాడి విషయంలోనే అలా అన్నారు. మీ ఎమ్మెల్యే దిగిపోయారు కూడా. ఇక కోర్టు ఎవర్ని తీసేస్తుంది?

మీ నాన్నగారికి చెప్పాల్సింది ఇది. ఆయన ఒట్టు అంటున్నది అసెంబ్లీలో చేసిన ప్రమాణం కాదు, ఊళ్లో ఇచ్చిన మాట. "గెలిపించండి, ఐదేళ్లు మీ ఇంటి మనిషిగా ఉంటాను" అని మీ వీధి చివర మైకులో చెప్పింది. ఆ మాట నిజంగానే తప్పారేమో. దానికి స్పీకర్ లేడు, ఫార్మాట్ లేదు. ఉప ఎన్నిక ఉంది. సీటు ఖాళీ అయ్యాక మామూలుగా ఆరు నెలల్లోపు పెట్టాలి. 2021లో ఈటల రాజేందర్ రాజీనామా చేసి వెళ్తే హుజూరాబాద్ మళ్లీ గెలిపించింది. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి రాజీనామా చేసి వెళ్తే మునుగోడు ఓడించింది. ఇద్దరూ చేసింది ఒకే పని, జనం మాత్రం చెరో రకంగా లెక్కగట్టారు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. మళ్లీ గెలిస్తే పాత ప్రమాణం సరిపోదు. అదే సభ, అదే నియోజకవర్గం, అదే మనిషి, ఐదేళ్ల గడువులో మిగిలిన ముక్కే అయినా సరే, కొత్తగా చేయాల్సిందే. హుజూరాబాద్ గెలిచాక ఈటల కూడా నవంబరులో మళ్లీ ప్రమాణం చేశాకే ఎమ్మెల్యేగా కూర్చున్నారు. రాజీనామా ఆమోదం పొందిన రోజే పాత ప్రమాణం ఆ సీటుతో పాటు ముగిసిపోయింది, తప్పడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు. మా రిజిస్టర్‌లో ఒకే పేరు, ఒకే సంతకం, ఒకే సభ కాలంలో రెండు వేర్వేరు పేజీల్లో కనిపించేది అందుకే.